కిలోమీటర్లు కాదు... నీటిగీత చూడండి!

గేదెను కొనేముందు గోదావరి జిల్లాల వాళ్లు ఎంత జాగ్రత్తపడతారో తెలిసిందే. పళ్లు పట్టి చూస్తారు. పొదుగు తడిమి చూస్తారు. రెండు పూటలా పాలు పితికించిగానీ పైకం చేతిలో పెట్టరు. అదే పెద్దమనుషులు ఆరేడు లక్షలు పోసి సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు మాత్రం... రంగు చూస్తారు, రీడింగు చూస్తారు, సీట్లో కూర్చుని ఓసారి ఏసీ వేయించుకుంటారు. అడ్వాన్సు ఇచ్చేస్తారు!

తాడేపల్లిగూడెంలో ఒక మాస్టారున్నారనుకుందాం. రిటైర్మెంటు దగ్గరపడింది. చీటీ డబ్బులు చేతికొచ్చాయి. వారానికోసారి ఏలూరులో అమ్మాయి ఇంటికి వెళ్లాలి, కార్తీకంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనానికి అందర్నీ తీసుకెళ్లాలి. చిన్నకారైతే లంక గ్రామాల రోడ్లమీద అడుగు తగులుతుందని భయం. పెద్ద బండికి స్తోమత చాలదు. అందుకే ఆయన చూపు చిన్న ఎస్‌యూవీల మీద పడింది. 2012లో డస్టర్, 2013లో ఎకోస్పోర్ట్, 2016లో బ్రెజా, 2017లో నెక్సాన్... వరసగా వచ్చిన ఈ బండ్లలో చాలా వరకు ఇప్పుడు రెండో చేతికో మూడో చేతికో మారుతున్నాయి.

వీటికున్న గొప్ప గుణం ఎత్తు. నేలకూ బండి అడుగుకూ మధ్య సుమారు 200 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఎనిమిది అంగుళాల ఖాళీ. అసలు చిక్కూ అక్కడే ఉంది. ఎత్తున్న బండి చేతిలో ఉంటే యజమానికి ధైర్యం ఎక్కువ. చిన్నకారువాడు నీళ్లు చూసి ఆగిపోతే, ఇతను 'మన బండికేంలే' అంటూ దింపేస్తాడు. కారు పడవ కాదన్న సంగతి ఇంజిన్‌కు తెలుసు, మనిషికే గుర్తుండదు!

అందులోనూ ఇది కొల్లేటి సీమ. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న పల్లం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు ఇక్కడికే చేరి ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలవాలి. వానలు ముదిరితే లంకల దారులు మునుగుతాయి. 2024 సెప్టెంబరు మొదట్లో అదే బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కాలనీలను ముంచింది. ఇళ్లముందు నిలిపిన కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అలా మునిగిన బండ్లన్నీ తుక్కుకు పోవు. కొన్ని శుభ్రంగా కడిగించుకుని, కొత్త సీటు కవర్లు తొడుక్కుని మళ్లీ బేరానికొస్తాయి. ఆ సంగతి రీడింగులో కనపడదు. 40 వేల కిలోమీటర్లు తిరిగి మునిగిన బండికన్నా, లక్ష తిరిగినా మునగని బండి నయం.

మరి ఎలా పట్టుకోవాలి? సీటు బెల్టును చివరిదాకా లాగితే లోపలి మడతల్లో మట్టిగీత కనపడొచ్చు. కాలికింద పట్టాలెత్తి తివాచీ అడుగున చెయ్యి పెట్టి చూడాలి. సీటు కింది పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలోని ఒండ్రు, హెడ్‌లైట్ల లోపల పట్టిన తేమ మరకలు, వైర్ల కనెక్టర్లకు పట్టిన పచ్చటి చిలుము... ఇవన్నీ సాక్షులే. అద్దాలు మూసి ఎండలో ఓ అరగంట ఉంచి తలుపు తీస్తే ముక్క వాసన రావడమూ మంచి లక్షణం కాదు. బండి మరీ సువాసనలు వెదజల్లుతున్నా అనుమానించాల్సిందే!

నీళ్లు లేకపోయినా మామూలు అరుగుదల ఉంటుంది. బేరానికి ముందే షెడ్డులో ర్యాంపెక్కించి చూపిస్తే మెకానిక్ చెప్పే మాటలు ఇలా ఉంటాయి: "మాస్టారూ, ముందు లోయరార్మ్ బుష్‌లు పోయాయండి. గతుకులో టకటకమంటంది, విన్నారా? చక్రం బేరింగు కూడా మూలుగుతోందండి." ముందువైపు సస్పెన్షన్ పని 15 నుంచి 25 వేలు, ఒక్కో బేరింగుకు మూడు నుంచి ఆరు వేలు పట్టొచ్చు. నాలుగు టైర్లూ మార్చాలంటే 30 వేల పైమాటే. గట్ల మీద హాఫ్ క్లచ్‌తో తిప్పిన బండికైతే క్లచ్ సెట్టుకు 12 నుంచి 25 వేలు. కొన్ని డీజిల్ బండ్లకు దాని వెనకుండే ఫ్లైవీలు కూడా మార్చాలంటే 40 వేలు దాటొచ్చు. టర్బో మొరాయిస్తే 30 నుంచి 70 వేలు. బండిని బట్టి, ఊరిని బట్టి ఈ లెక్కలు అటూఇటూ అవుతాయి.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన చాలా బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. రోజూ బజారుదాకా తిప్పి ఆపేస్తే అది మూసుకుపోతుంది. అప్పుడప్పుడూ గూడెం నుంచి ఏలూరుదాకా హైవే మీద ఒకే వేగంతో పోతే ఆ మసి కాలిపోతుంది. ఫోర్డ్ కంపెనీ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు 2021లోనే ప్రకటించింది. కాబట్టి ఎకోస్పోర్ట్ కొనేవాళ్లు ముందు విడిభాగాల సంగతి కనుక్కోవడం మంచిది.

కొన్నాక కూడా నీళ్లతో పంతం పనికిరాదు. గాలి పీల్చే గొట్టంలోకి నీళ్లెళితే ఇంజిన్ ఆగిపోతుంది. అప్పుడు మళ్లీ తాళం తిప్పడమే అసలు ప్రమాదం. గాలి నొక్కితే అణుగుతుంది, నీరు అణగదు. దాంతో పిస్టన్‌ను పట్టుకున్న రాడ్డు వంగిపోతుంది. ఆ రిపేరు లక్షల్లోకి వెళ్లొచ్చు. మామూలు బీమా పాలసీ ఈ నష్టాన్ని సాధారణంగా భరించదు. ఇంజిన్ రక్షణ కోసం విడిగా కొంత ప్రీమియం కట్టాలి.

కాగితాల పనీ అంతే ముఖ్యం. ఫారం 29, 30 మీద సంతకాలు, అప్పు తీరినట్టు ఫైనాన్స్ వారిచ్చే కాగితం అందాకే మిగతా సొమ్ము ఇవ్వాలి. రాష్ట్రంలోపలి అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణాశాఖకు తెలపాలి. పాత క్లెయిముల వివరాలు, సర్వీసు బిల్లులు అడగడం మొహమాటపడే విషయం కానేకాదు.

ధర సంగతికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు చిన్న ఇంజిన్ కొత్తకార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. కొత్తది దిగినప్పుడు పాతదీ దిగాలిగా! అందుకని మాస్టారి దగ్గర ఆరు లక్షలుంటే ఆరు లక్షల బండి చూడకూడదు. అయిదుంపావులో చూసి, మిగిలింది రిపేర్లకు, బీమాకు అట్టేపెట్టుకోవాలి.

ఇంట్లోవాళ్లకు రంగు నచ్చేసింది, అమ్మేవాడు 'రేపటికల్లా పోతుందండి' అంటున్నాడు. అయినా సీటు బెల్టు చివర మట్టిగీత కనపడితే ఓ నమస్కారం పెట్టి వచ్చేయడమే. పోతే పోనీండి. కార్లు మళ్లీ దొరుకుతాయి. ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో కూడబెట్టిన డబ్బే మళ్లీ దొరకదు.