గోవాలో ఇంకో గోవా!

నానమ్మకు మోకాళ్ల నొప్పులు. నాలుగేళ్ల మనవడికి ఇసుక కనిపిస్తే ఆకలి కూడా గుర్తుకురాదు. పెద్దపిల్లకు ట్యూషన్‌ అలారం మోగని తెల్లవారుజాము కావాలి. నాన్నకు ఆఫీసు ఫోన్‌ రాని నాలుగు రోజులు చాలు. అమ్మకైతే వంటింటి మొహం చూడకపోతే అదే పదివేలు!

ఇంతమందినీ ఒక్కచోట మెప్పించాలంటే సముద్రతీరమే దిక్కు. 'గోవా వెళ్దామా?' అంటే మాత్రం పెద్దవాళ్లు నొసలు చిట్లిస్తారు. అర్ధరాత్రి దాకా మోగే డీజేలు, రోడ్డు నిండా బైకులు... మనకెందుకంటారు. వాళ్ల మాట నిజమే. కాకపోతే అది సగం గోవా గురించే!

రెండు తీరాలు

పణజికి ఉత్తరాన కలంగూట్‌, బాగా, అంజునా. సందడంతా అక్కడే. దక్షిణ గోవా దారి వేరు. వెల్సావ్‌ నుంచి మోబోర్‌ వరకు సుమారు పాతిక కిలోమీటర్లు ఒకటే ఇసుక తిన్నె. మధ్యలో కోల్వా దగ్గర సెలవు రోజుల్లో జనం కిటకిటలాడినా, కాస్త దూరం జరిగి బెనౌలిం, వార్కా, కావెలొసిం చేరితే అలల చప్పుడే వినిపిస్తుంది. పేరున్న లగ్జరీ రిసార్టులు కొన్ని ఈ వరుసలోనే ఉన్నాయి. మోబోర్‌ దగ్గరైతే ఒకవైపు సాల్‌ నది, మరోవైపు అరేబియా సముద్రం. ఇంకా దక్షిణానికి వెళితే అగోండా. ఆలివ్‌ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమిది.

ఫొటో చూసి మోసపోవద్దు

లగ్జరీ అంటే నిశ్శబ్దం అనుకుంటే పొరపాటే. దక్షిణ గోవా రిసార్టులకు పెళ్లిళ్ల గిరాకీ ఎక్కువ. సెలవులకు బాగుండే నవంబరు - ఫిబ్రవరి నెలలే ముహూర్తాలకూ అనువు. ఆరుబయట మైకులు రాత్రి 10 దాటాక మోగకూడదని 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పండగ రోజుల్లో కొన్ని సడలింపులూ ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికే మొదలయ్యే బరాత్‌ను మాత్రం ఏ నియమమూ ఆపదు. అందుకే అడగాల్సిన మొదటి ప్రశ్న గది అద్దె గురించి కాదు... 'ఆ తేదీల్లో మీ దగ్గర పెళ్లేమైనా ఉందా?' అని!

రెండోది దూరం. గ్రామీణ తీరాల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల లోపు కొత్త కట్టడాలకు 1991 నాటి తీర నియంత్రణ నిబంధనలు ఒప్పుకోలేదు. గుమ్మం దిగితే అలలే అన్నట్టుండే ఫొటోలన్నీ నిజం కావు. తోట దాటి, ఇసుకలో నడవాలి. పిల్లలకది సరదా, నానమ్మకు శిక్ష. లోపల తిప్పే బ్యాటరీ బండి ఉందా, కింది అంతస్తులో గది ఇస్తారా, పక్కపక్క గదులకు మధ్య తలుపు ఉంటుందా... ముందే కనుక్కోవాలి. 'ప్రైవేట్‌ బీచ్‌' మాటకు ఎక్కువ విలువ ఇవ్వనక్కర్లేదు. తీరం అందరిదీ.

మూడోది లెక్క. అద్దె రోజుకు రూ.7,500 దాటితే 18 శాతం జీఎస్టీ. పిల్లల అదనపు మంచం, రాత్రి భోజనం అందులో కలిసి ఉన్నాయో లేదో చూసుకోవాలి. చుట్టుపక్కల హోటళ్లు తక్కువగా ఉండే చోట మూడు పూటలా రిసార్టులోనే తింటే, ఆ బిల్లు గది అద్దెతో పోటీపడుతుంది!

సముద్రంతో జాగ్రత్త

ఈత కొలనులో పిల్లలకు వేరే భాగం ఉందేమో చూడటం మరవొద్దు. ఎందుకంటే ప్రశాంతంగా కనిపించే సముద్రాన్ని నమ్మలేం. అలలు విరగకుండా మధ్యలో నున్నగా కనిపించే చోటే నీరు లోపలికి లాగేసే ప్రవాహం ఉండొచ్చు. ఎర్ర జెండా ఉంటే దిగకూడదు. ఎరుపు - పసుపు జెండాల మధ్యే, లైఫ్‌గార్డులు ఉన్నప్పుడే స్నానాలు. పొరపాటున కొట్టుకుపోతే ఒడ్డుకు ఎదురీదకుండా, తీరం వెంబడి పక్కకు ఈదాలి. జూన్‌ నుంచి సెప్టెంబరు దాకా అద్దెలు దిగొస్తాయి గానీ, సముద్రం మాత్రం ఉగ్రరూపమే.

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్‌ నుంచి విమానంలో వెళ్లేవాళ్లు డబోలిం విమానాశ్రయంలో దిగడం మేలు. 2023 జనవరిలో మొదలైన మోపా ఉత్తరాన ఉంది. అక్కడ దిగితే దక్షిణ తీరానికి రెండు గంటల దాకా పడుతుంది, టాక్సీ ఖర్చూ తడిసిమోపెడు. విజయవాడ, గుంటూరు, గుంతకల్‌ వైపు వాళ్లకు అమరావతి ఎక్స్‌ప్రెస్‌ ఉంది. దూధ్‌సాగర్‌ జలపాతం పక్కనుంచే వెళుతుంది. మడగావ్‌లో దిగితే బెనౌలిం దగ్గరే.

అక్కడికి వెళ్లాక రోజుకో ఊరు చుట్టేయాలన్న హడావుడి వద్దు. చాందోర్‌లోని బ్రగాంజా భవంతికి ఒక పూట, పాత గోవాలోని బామ్‌ జీసస్‌ చర్చికి మరో పూట చాలు. మిగతా కాలమంతా ఒడ్డుదే. అదృష్టం బాగుంటే తెల్లవారుజామున రాంపొణ్‌ వల కనిపిస్తుంది. జాలర్లంతా వరుసగా నిలబడి, పొడవాటి వలను ఒడ్డుకు లాగుతుంటారు. ఎండిన ఇసుక మీద కుర్చీ వేసుకుని నానమ్మ, ఆమె వేలు పట్టుకుని మనవడు ఆ వల పైకి వచ్చేదాకా చూస్తారు. రిసార్టు బిల్లులో ఆ గంటకు పైసా కూడా రాయరు. ఇంటికొచ్చాక ఎక్కువసార్లు చెప్పుకొనేది దాని గురించే!