సీజర్ నోరు విప్పినప్పుడు

పాత కథని మళ్లీ మొదలెట్టడమంటే ఇంటికి సున్నం కొట్టడమా, పునాది తవ్వడమా? 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' సినిమాలు గుర్తొచ్చినప్పుడల్లా నాకిదే సందేహం. 1968లో వ్యోమగామి టేలర్ వెంట వెళ్లి మనమూ వానరాల లోకంలో చిక్కుకున్నాం. 2001లో టిమ్ బర్టన్ మళ్లీ తీశాడు. మేకప్ అద్భుతం, కథే నాకు అంటలేదు. 2011లో రూపర్ట్ వయాట్ మాత్రం మనిషిని పక్కకి జరిపి, చింపాంజీ పిల్ల సీజర్‌ని నాయకుణ్ణి చేశాడు. ముసుగుల్లేవు, నటుడు ఆండీ సెర్కిస్ హావభావాలకి కంప్యూటర్ బొచ్చు తొడిగింది. సీజర్ తొలిసారి నోరు విప్పి 'నో' అని గర్జించగానే ఉలిక్కిపడ్డాను. మనిషిని కదా, భయపడాలి. ఏం చేయను, లోలోపల వాడి పక్షమే చేరిపోయాను.