గోటిపై అద్దకం

తెలుగునాట ఆడపిల్ల చేతికి మొట్టమొదట పరిచయమయ్యే రంగు గోరింటాకు. ఆషాఢమాసంలోను, అట్లతద్దెకును హిందూ సోదరీమణులు, రంజాన్ నెలవంక కనబడిన రాత్రి, పెళ్ళింట మెహందీనాడు మావాళ్ళు, ఒకే చెట్టు ఆకును ఒకే తీరున రుబ్బి వేళ్ళకు తొడుగుల వలె పెట్టుకొంటారు. ఆ ఆకులోని లాసోన్ అనే వర్ణద్రవ్యం గోటిలోని కెరటిన్‌తో కలిసిపోతుంది. కడిగినా పోదు, గీకినా పోదు. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది గనుక, రంగు కొసకు జరిగి జరిగి చివరకు కత్తిరింపులో రాలిపోతుంది.

సీసాలో వచ్చే గోళ్ళరంగు స్వభావం దీనికి పూర్తిగా భిన్నమైనది. అది కేవలం ఒక పొర. మోటారు కార్లకు పూసిన నైట్రోసెల్యులోజు వార్నిషుకు అది దగ్గరి బంధువు. అమెరికాలో రెవ్లాన్ సంస్థ 1932లో గోళ్ళరంగుతోనే వ్యాపారం మొదలుపెట్టినది. మన దేశంలో టాటావారు లాక్మే సంస్థను 1952లో స్థాపించినారు. ఇప్పుడు అనంతపురంలో ఏ గాజుల అంగడికి పోయినా అరచేతిలో ఇమిడే సీసాలు వరుసలు తీరి ఉంటాయి. ఆ పొర మీద ఇంకొక పొరగా బొమ్మను అచ్చువేసే విద్య ఒకటి ఉన్నది. మొన్నటి వేసవి సెలవులలో మేము పరిశీలించినది దానినే.

కళాశాల సంచికలో ఇదేమి విషయమని కొందరు పెద్దలు నొసలు చిట్లించవచ్చు. మచిలీపట్నం అద్దకాన్ని గూర్చి వ్రాస్తే మాత్రం వారే మెచ్చుకొంటారు. గుడ్డ మీద వేస్తే కళ, గోటి మీద వేస్తే సోకు అనే విభజన మాకు సమంజసంగా తోచదు. మచిలీపట్నం, పెడనలలో టేకు దిమ్మె మీద బొమ్మను ఉబ్బెత్తుగా చెక్కి, రంగులో ముంచి, గుడ్డ మీద ఒత్తుతారు. గోటి అచ్చు ఇందుకు తలక్రిందులు. ఇక్కడ ఉక్కురేకు మీద బొమ్మ పల్లంగా తొలచబడి ఉంటుంది. రంగు ఆ పల్లంలో నిలవాలి, మిగిలిన రేకంతా శుభ్రం కావాలి. అయితే గోరు వంపు తిరిగినది, రేకు చదునైనది. అందుచేత నడుమ మెత్తని సిలికాన్ ముద్ర ఒకటి మధ్యవర్తిగా వస్తుంది. అది రేకు మీది బొమ్మను తన ఒంటికి ఎత్తుకొని, గోటి వంపు మీద దొర్లుతూ అక్కడ దింపుతుంది. గడియారాల ముఖఫలకాల మీద అంకెలు వేసే పద్ధతి కూడా ఇదే.

మా అక్క కూతురు బెంగుళూరు నుండి ఈ సరంజామా తెచ్చినది. ఆ అమ్మాయి చేసిన క్రమం ఇది. ముందు గోటికి పలుచని రంగు రెండు పూతలు పూసి బాగా ఆరనిచ్చినది. తరువాత రేకు మీది బొమ్మపై చిక్కని రంగు ఒక చుక్క వేసి, గీకుడు బిళ్ళను వాలుగా పట్టి ఒక్కసారి లాగినది. వెంటనే ముద్రను రేకు మీద దొర్లించి, మరుక్షణమే గోటి మీద దొర్లించినది. మామూలు గోళ్ళరంగు పలుచన గనుక బొమ్మ వెలవెలబోతుంది. అచ్చుకు ప్రత్యేకించిన చిక్కని రంగే కావాలి. చివర పూసే మెరుగుపూత కుంచె బొమ్మను తాకరాదు. కుంచె నిండా ద్రవం తీసుకొని దానిపై తేలించినట్లు నడపాలి, లేకపోతే బొమ్మ అలుక్కుపోతుంది. పనంతా క్షణాల లెక్క మీద నడుస్తుంది.

ఆ లెక్కను మన అనంతపురం గాలి తప్పించినది. మే నెల మధ్యాహ్నం, పైన పంకా తిరుగుచుండగా, రేకు పల్లంలోని రంగు గీకేలోపలే ఎండిపోయినది. ముద్ర ఖాళీగా లేచి వచ్చినది. ఐదుమార్లు చేసినా అంతే. రంగులోని ద్రావకం వేడికి, గాలికి త్వరగా ఆవిరైపోతుందని మా రసాయనశాస్త్రపు సహాధ్యాపకురాలు వివరించినారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమలో నీరే నిలవదు, ఇక సీసాలోని ద్రావకం నిలుస్తుందా! మరునాడు ఫజర్ నమాజు తరువాత, ఎండ ఎక్కక మునుపు, పంకా ఆపి, కిటికీ మూసి చేయగా, మొదటి అచ్చే వెంట్రుకవాసి గీతలతో సహా దిగినది. లేత గోధుమరంగు మీద నల్లని తీగ. మేమందరము ఆ వేలిని వంతులవారీగా పట్టుకొని చూచినాము.

చిక్కు బొమ్మల విషయంలో వచ్చినది. ఆ రేకు మీద ఉన్నవి మంచు పలుకులు, ఈఫిల్ గోపురం, ఎవరివో గులాబీలు. నలభై డిగ్రీల ఎండలో గోటి మీద మంచు పలుకు! లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రాలలో స్త్రీలు కట్టిన చీరల మీద ఎన్నెన్ని గళ్ళు, చుక్కలు, హంసలు ఉన్నవో చూచినవారికి ఈ కొరత బాగా తెలుస్తుంది. మా అమ్మాయి ఒక ఉపాయం చేసినది. రేకు అంచున ఉన్న సాదా గళ్ళను ముద్ర మీదికి ఎత్తి, గోటికి దింపక, ముద్ర మీదనే ఒక్కొక్క గడిలో సన్నని పుల్లతో ధర్మవరం అంచుల రంగులు నింపినది – కుంకుమ, పసుపు, చిలకపచ్చ. దానిపై మెరుగుపూత వేసి, ఆరిన తరువాత పొరగా ఒలిచి, గోటికి అంటించినది. దీనికి తొందర లేదు. మన గాలి ఇక్కడ శత్రువు కాదు, పైగా త్వరగా ఆరబెట్టి మేలు చేస్తుంది.

మా ఇండ్లలో ఈ రంగుకు ఇంకొక లెక్క కూడా ఉన్నది. వజూలో నీరు గోటిని తాకవలెను. పొర ఉంటే తాకదు. గోరింటాకు పొర కాదు గనుక దానికి అభ్యంతరం లేదు. నీరు చొరబడే రంగులని పోలెండుకు చెందిన ఇంగ్లోట్ వంటి సంస్థలు అమ్ముచున్నవి గాని, వాటిని ఒప్పుకొనే విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. అందువల్ల మా పిల్లలలో చాలామంది నమాజు మినహాయింపు ఉన్న దినాలలోనే రంగు వేసుకొంటారు. మరికొందరు ఆ దినాలలోనూ వేసుకోరు. గోళ్ళు చూచి ఇంటిల్లిపాదీ లెక్క కట్టుతారని సిగ్గు. గంటసేపు శ్రమించి వేసిన అచ్చును ఐదు నిమిషాలలో దూదితో తుడిచివేసే పిల్లలను ఓపిక లేనివారని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము.

మా వీధి చివర ఉండే అక్క ఒకామె ఆ రోజులలో విత్తనపు వేరుసెనగ కాయలు ఒలిచే పనికి పోతుండేది. కూతురి పెళ్ళి దగ్గరపడినది. వాకిట నిలబడి చాలాసేపు మా పని చూచి, చేతులు వెనుకకు పెట్టుకొని అడిగినది.

"మేడమ్మా, నాకూ ఏస్తుందా మీ పాప? ఈ మూడేళ్ళకు చాల్లే. ఆ రెండూ పనికిరావు."

ఆ రెండూ బొటనవేలు, చూపుడువేలు. కాయను నొక్కి పగలగొట్టి పగలగొట్టి గోళ్ళు సగానికి అరిగి, నిలువు చారలు పడి ఉన్నవి. మా అమ్మాయి ఆమెను చాప మీద కూర్చోబెట్టి, "ఐదు వేళ్ళూ ఇవ్వక్కా" అని చేయి లాక్కొన్నది. చారల మీద తీగ వేస్తే విరిగినట్లు కనబడుతుంది. కనుక బొటనవేలికి చిన్న చిన్న చుక్కల బొమ్మను ఎంచుకొన్నది, చుక్కల నడుమ చార పడినా తెలియదని. మేము చేసినది పంకా ఆపడం, ఆరేవరకు ఆమె ముఖానికి విసనకర్రతో విసరడం మాత్రమే. ఆమె ఆ అరగంటా కదలలేదు. పిల్ల పెళ్ళిలో చీర మార్పించేటప్పుడు చెయ్యి కనబడుతుంది గదా అని మాత్రం అన్నది.

పెళ్ళి అయిన మూడవనాడు ఆమె మళ్ళీ ఒలుపుకు పోయినది. బొటనవేలి అచ్చు ఆ పూటే చెదిరినది, చూపుడువేలిది మరునాటికి. చిటికెనవేలిది మాత్రం ఇంకా 11 రోజులు ఉన్నది. ప్రతి సాయంత్రం మా వాకిలి దాటుతూ ఆ వేలు ఎత్తి చూపి పోయేది.