మామ్మ నువ్వుల గిన్నె, సైగాను కాఫీ

మా ఇంట్లో ఏదైనా పాడువాసన వేస్తే మామ్మ ముక్కు మూసుకుని "ఛీ, నుక్‌మాం కంపు" అంటుంది. నాన్నగారూ అలాగే అంటారు, మేమూ అంటాం, మా పిల్లలూ నేర్చేసుకున్నారు. అది మా యానాం మాటే అనుకున్నాం ఇన్నాళ్ళూ. ఓసారి కాకినాడలో చుట్టాలింట్లో ఆ మాట అంటే వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. సరేలే, ఊరికో మాట ఉంటుంది కదా అని వదిలేశాం.

ఆ మాట అసలు ఇల్లు ఏదో పోయిన డిసెంబరులో తెలిసింది. సైగానులో ఒక భోజనం హోటల్లో, బల్ల మీద చిన్న గిన్నెలో తేనెరంగు నీళ్ళలాంటివి పెట్టారు. మా చిన్నాడు వాసన చూసి మొహం చిట్లించాడు. వడ్డించే అమ్మాయి నవ్వి, దాన్ని చూపించి పేరు చెప్పింది. "న్యుఒక్ మామ్." బల్ల చుట్టూ ఉన్న ఏడుగురం ఒక్కసారే మామ్మ వైపు తిరిగాం. మామ్మ మాత్రం ఏం ఎరగనట్టు అన్నంలో రెండు చుక్కలు వేసుకుని కలుపుకుంటోంది. "కంపే గానీ రుచిగా ఉంటుందర్రా" అంది. నెత్తళ్ళూ ఉప్పూ తొట్లలో వేసి నెలల తరబడి ఊరబెడితే దిగే ఊట అది. డెబ్భై ఏళ్ళు దాటింది ఆవిడ దాన్ని తిని.

మనలాంటి కుటుంబాలకి తెలిసిన కష్టమే ఇది. మీదే ఊరండీ అంటే ఒక్క ముక్కలో చెప్పలేం. మాది యానాం. నాలుగు వైపులా ఆంధ్రా, మధ్యలో గోదావరి ఒడ్డున ముప్ఫై చదరపు కిలోమీటర్ల మేర పాండిచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. 1954 దాకా ఫ్రెంచివాళ్ళది. ఆ రోజుల్లో ఫ్రెంచి చదువు నాలుగు ముక్కలు వచ్చినవాళ్ళకి వాళ్ళ వలసల్లో గుమాస్తా పనులు దొరికేవి. పాండిచ్చేరి, కారైకాల్ వాళ్ళు ఎక్కువమంది వెళ్ళారు, మా వైపు నుంచి ఏదో కొద్దిమంది. మామ్మ వాళ్ళ నాన్నగారు ఆ కొద్దిమందిలో ఒకరు. సైగానులో తపాలా కచేరీలో చిన్న ఉద్యోగం. మామ్మ అక్కడే పుట్టింది, 1942లో. ఆరేళ్ళప్పుడు ఓడలో తిరిగొచ్చేశారు. మామ్మ పాసుపోర్టులో పుట్టిన ఊరు అన్నచోట సైగాను అనే ఉంటుంది. మేము చిన్నప్పటి నుంచీ విన్నది ఇంతే. ఇంకేమైనా అడిగితే "ఏముందిరా, చిన్నపిల్లని" అనేసేది.

అసలు మేము సింగపూరు అనుకున్నాం. పిల్లలకి అదే ఇష్టం. మామ్మ ఒకరోజు పప్పు రుబ్బుకుంటూ "వెళ్ళేదేదో సైగాను వెళ్ళకూడదూ, నేనూ వస్తాను" అంది. ఎనభై రెండేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. నాన్నగారు ససేమిరా అన్నారు. అక్కడ ఏదైనా అయితే ఎవరు చూస్తారు, భాష రాదు, తిండి పడదు అని. మామ్మ వాదించలేదు. రెండ్రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడోనాడు నాన్నగారే వీసా కాయితాలు నింపుతూ కూర్చున్నారు.

కాకినాడలో రైలెక్కి హైదరాబాదు, అక్కణ్ణించి విమానం. దిగేసరికి మన గడియారం కంటే గంటన్నర ముందున్నారు వాళ్ళు. ఊరు పేరు 1976 నుంచి హో చి మిన్ నగరమే అయినా అక్కడివాళ్ళూ సైగాను అనే అంటున్నారు. ఊరి గురించి మొదట చెప్పాల్సింది మోటారు సైకిళ్ళే. రోడ్డు దాటాలంటే ఆగకూడదు, పరిగెత్తకూడదు, మెల్లగా ఒకే నడకన వెళ్ళిపోతే వాళ్ళే మన పక్కల నుంచి తప్పుకుపోతారు. మామ్మ చక్రాల కుర్చీని తోసుకుంటూ మొదటిసారి దాటినప్పుడు మేమందరం కళ్ళు మూసుకున్నంత పని చేశాం. ఆవిడ మాత్రం ఊరేగింపులో అమ్మవారిలా కూర్చుంది.

రెండోనాడు పొద్దున్న కాఫీకి వెళ్ళాం. బెన్ తాన్ మార్కెట్టుకి దగ్గర్లో సందు, గోడవారన పీటలంత ఎత్తు ప్లాస్టిక్ స్టూళ్ళు. మామ్మ మోకాళ్ళు చూసి ఆ కొట్టావిడ ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వేసింది. కాసేపటికి గాజు గ్లాసులు వచ్చాయి. అడుగున రెండు వేళ్ళ మందాన చిక్కటి డబ్బా పాలు. గ్లాసు మీద బోర్లించినట్టు ఒక చిన్న సత్తు గిన్నె, దానికి అంచులాగా పళ్ళెం, అడుగంతా చిల్లులు, పైన మూత. అందులోంచి నల్లటి డికాషను ఒక్కో బొట్టూ పాల మీద పడుతోంది.

మా ఆవిడే ముందు అంది. "ఇది మన నువ్వుల గిన్నె కదూ!"

నిజమే. వంటింట్లో మూడో అరలో ఉండే సొట్టలు పడ్డ సత్తు గిన్నె ఇదే. సంక్రాంతికి అరిసెల కోసం మామ్మ నువ్వులు కడిగేది అందులోనే. దాని మూత వాము సీసాకి మూతయిపోయింది. మేము పుట్టినప్పటి నుంచీ అది నువ్వుల గిన్నె.

"అది కాఫీదేరా" అంది మామ్మ తాపీగా. "నాన్న తెచ్చారు అక్కణ్ణించి. ఆయనున్నన్నాళ్ళూ అందులోనే తీసేవారు. ఆ తర్వాత ఎవరు తాగుతారు ఆ చేదు? ఊరికే పడుంటే నువ్వులకి పెట్టాను."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"మీరెప్పుడు అడిగారు?"

దాన్ని వాళ్ళు ఫిన్ అంటారు. మన ఫిల్టరులా రాత్రి పోసి పొద్దున్న తీసేది కాదు, గ్లాసు మీద పెట్టి అయిదు నిమిషాలు ఓపిక పట్టాలి, అంతే. కాఫీ మొక్కని ఆ దేశానికి తెచ్చింది ఫ్రెంచి పాద్రీలు, 1857లో. ఇప్పుడు బ్రెజిల్ తర్వాత ప్రపంచంలో ఎక్కువ కాఫీ పండేది అక్కడే. అందులో చాలా భాగం రోబస్టా, బువన్ మా తువత్ అనే ఊరి చుట్టుపక్కల కొండల్లో. మన కూర్గు, చిక్కమగళూరు కాఫీ అలవాటైన నాలుకకి మొదటి గుక్క గొంతులో గీసుకుంటూ దిగుతుంది. తాజా పాలు కరువైన రోజుల్లో డబ్బా పాలతో మొదలుపెట్టారట, ఆ రుచే స్థిరపడిపోయింది. అడుగు నుంచి కలిపి తాగితే మాత్రం, నిజం చెప్పాలి, రెండో గ్లాసు అడగకుండా ఉండలేకపోయాం. బెంగుళూరులో స్థిరపడ్డ మా బాబాయి వింటే నొచ్చుకుంటాడు గానీ ఆ వారం రోజులూ చికోరీ గుర్తు రాలేదు.

గుడ్డు కాఫీ కూడా తాగాం. అది హనోయి సరుకు. 1946లో పాలు దొరక్క, న్గుయెన్ వాన్ జాంగ్ అనే ఆయన గుడ్డు పచ్చసొన, పంచదార గిలక్కొట్టి కాఫీ మీద వేశాడు. తాగితే నీచు వాసన రాదు, మిఠాయి తిన్నట్టుంటుంది. మామ్మ ముట్టుకోలేదు. "కరువొస్తే తాగుతాను" అంది.

ఆ కాఫీ కొట్టు దగ్గరే నాన్నగారు పరువు పోగొట్టుకోబోయారు. వాళ్ళ డబ్బులో సున్నాలు ఎక్కువ, అప్పుడు మన రూపాయికి దాదాపు మూడు వందల డాంగ్‌లు వచ్చేవి. పైగా ఇరవై వేల నోటూ నీలమే, అయిదు లక్షల నోటూ నీలమే. బన్ను కొని ఇరవై వేలనుకుని అయిదు లక్షలిచ్చేసి నడిచొచ్చేశారు. అంటే పదహారు వందల రూపాయల పైమాట. బన్నులమ్మే కుర్రాడు సందు చివరిదాకా పరిగెత్తుకొచ్చి చేతిలో పెట్టి వెళ్ళాడు. నాన్నగారు ఇప్పటికీ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటారు.

తిండి పడదన్న భయం మూడో రోజుకి పోయింది. ఆవు మాంసం లేకుండా కావాలంటే ఫో గా, అంటే కోడి పులుసులో సేవలు. బాన్ సెయో అని బియ్యప్పిండిలో పసుపూ కొబ్బరిపాలూ కలిపి పోసే అట్టు ఉంది. సెయో అంటే పెనం మీద సుయ్యిమనే చప్పుడట. రొయ్యలు వేసి మడిచి, ఆకుకూరల్లో చుట్టుకుని తినాలి. అమ్మ శనివారం నీచు తినదు. ఏంచెయ్యాలా అని చూస్తుంటే ఒక బోర్డు మీద 'చాయ్' అని కనిపించింది. టీ తాగుదామని లోపలికెళ్ళాం. వాళ్ళ భాషలో చాయ్ అంటే శాకాహారమట! అక్కడ బౌద్ధులు పాడ్యమికీ పున్నమికీ నీచు మానేస్తారు. అమ్మ ఆ ముక్క విని, ఆ దేశం మీద ఒక్కసారిగా గౌరవం పెంచేసుకుంది.

కానీ మామ్మని కదిలించింది కాన్ చువా. చింతపండు పులుసులో చేప ముక్కలు, బెండకాయలు, చేమకాడ. మా గోదావరి వాళ్ళకి వేరే చెప్పాలా? చేపల పులుసులో బెండకాయ వెయ్యకపోతే మామ్మ అసలు చెయ్యే కడుక్కోదు. ఆ చేప కూడా కొరమీనే. "పంచదారెందుకు వేశారో గానీ" అంటూ గిన్నె ఖాళీ చేసింది. పక్కన వెల్లుల్లితో వేయించిన తూటికూర. మన చెరువుల్లో గేదెలు మేసే కూర అక్కడ రోజూ వండుకుంటారు.

పెద్ద తపాలా కచేరీకి వెళ్ళడం నాన్నగారి కోరిక. 1891లో పూర్తయిన పసుపు రంగు కట్టడం, లోపల రైల్వే స్టేషనులా వంపు కప్పు. అది ఈఫిల్ కట్టాడని అక్కడ ఎవరో చెప్పారు. కాదు, ఫూలూ అనే వాస్తుశిల్పి కట్టాడు. మా యానాంలోనూ గోదావరి ఒడ్డున అందరూ ఈఫిల్ టవరనే ఒక టవరుంది కాబట్టి ఈ తప్పుని క్షమించేశాం. గోడల మీద పాత తంతి తీగల పటాలు అలాగే ఉన్నాయి. మామ్మ వాళ్ళ నాన్నగారు ఏ బల్ల దగ్గర కూర్చునేవారో, అసలు ఈ కచేరీయో ఇంకోటో కూడా మాకు తెలియదు. నాన్నగారు ఒక కార్డు కొని యానాం చిరునామా రాసి డబ్బాలో వేశారు.

ఇల్లు మాత్రం దొరకలేదు. మామ్మకి తెలిసిందల్లా "చెట్టిగారి గుడి వెనక వీధి". నాటుకోట చెట్టియార్లు కట్టిన మురుగన్ గుడి తోన్ తాట్ తియెప్ వీధిలో ఇప్పటికీ ఉంది. దాని చుట్టుపక్కలంతా అద్దాల మేడలు. రెండు సందులు తిప్పాం. మామ్మ ఇటు చూసి అటు చూసి, "ఇంత ఎండ ఉండేది కాదురా, చెట్లుండేవి" అంది. ఇంకో సందు చూద్దామంటే వద్దంది.

ఆ సాయంత్రం మారియమ్మన్ గుడికి తీసుకెళ్ళమంది. మన తమిళులు కట్టిన గుడే అయినా దణ్ణం పెట్టుకునేవాళ్ళలో ఎక్కువమంది ఆ దేశస్థులే. చేతిలో అగరొత్తుల కట్టలు. గర్భగుడి వెనక గోడ రాతికి నుదురు ఆనించి, ఎవరికీ వినపడకుండా మొక్కుకుంటారు. మామ్మ కుర్చీలోంచి లేచింది. మేము పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. గోడకి నుదురు ఆనించి నిలబడింది. ఎంతసేపటికీ వెనక్కి రాలేదు. మోకాళ్ళు వణుకుతున్నాయి, అయినా రాలేదు.

బయటికొచ్చాక, చెప్పులు తొడుగుతుంటే చెప్పింది. తనకో చెల్లెలుండేదట. రెండేళ్ళ పిల్ల. 1946లో జ్వరమొచ్చి పోయింది. ఎక్కడ పాతిపెట్టారో నాన్న చెప్పలేదు, ఆడవాళ్ళని తీసుకెళ్ళలేదు. అమ్మ మాత్రం ప్రతి మంగళవారం ఈ గుడికి తెచ్చి, ఆ గోడకి తల ఆనించి ఏడ్చేదట. యానాం తిరిగొచ్చాక ఆ పిల్ల పేరు ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని ఆవిడ ఒట్టు వేయించుకుంది. నాన్నగారికి అరవై ఏళ్ళు. తనకో పిన్ని ఉండేదని ఆయనకి ఆ గుడి మెట్ల మీద తెలిసింది. పేరు అడిగారు. మామ్మ చెప్పింది. అది మా మేనత్త పేరే. ఆ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు నాన్నగారూ పిల్లలూ కూ చీ సొరంగాలకి వెళ్ళొచ్చారు. మిగిలినవాళ్ళం హోటల్లోనే ఉండి మామ్మ చెప్పిన కబుర్లు విన్నాం. అంతకుముందు అడగనివన్నీ అడిగాం. సగం గుర్తు లేవంది.

చివరి రోజు మీకాంగు నది. మై థో దాకా బస్సు, అక్కడ పడవ. ఆ నదిని వాళ్ళు తొమ్మిది డ్రాగన్లంటారు, మనం గోదావరికి ఏడు పాయలు లెక్కపెట్టుకున్నట్టు. అవతల బెన్ చే అనే కొబ్బరి సీమ. కాలవలు, లంకలు, వంగిన కొబ్బరిచెట్లు. అమ్మ "ఇది అమలాపురమే" అని తేల్చేసింది. ఒక పాకలో కొబ్బరిపాలూ చక్కెరా కాచి, పొడవుగా పోసి, ముక్కలు కోసి కాయితంలో చుడుతున్నారు. కాయితంతో సహా తినెయ్యమన్నారు. బియ్యంతో చేసిన పల్చటి రేకు అది. మామ్మ నోట్లో వేసుకుని, "పూతరేకులో కొబ్బరి లౌజు చుట్టారు, ఏలకులు మర్చిపోయారు" అంది. నాలుగు డబ్బాలు కొన్నాం.

ఇంటికొచ్చిన మర్నాడు నువ్వుల గిన్నె దింపాం. చిల్లులు సగం పూడిపోయి ఉన్నాయి. మా అమ్మాయి సూదితో ఒక్కోటీ పొడిచి శుభ్రం చేసింది. వాము సీసా మీంచి మూత తీసుకొచ్చాం. అక్కణ్ణించి తెచ్చిన పొడి వేసి వేణ్ణీళ్ళు పోస్తే ఓ పక్క నుంచే కారింది, అయిదు నిమిషాలు అనుకున్నది పావుగంట పట్టింది. ఏడుగురం బల్ల చుట్టూ కూర్చుని బొట్లు చూశాం. మొదటి గ్లాసు మామ్మకి.

ఒక గుక్క తాగి, "కాస్త వాము వాసనొస్తోంది" అంది. తర్వాత గ్లాసు ముందుకి జరిపి, "ఇంకో చెంచాడు పాలు పొయ్యి" అంది.