కొసరు

ఢిల్లీలో లక్ష్మీ నగర్ అనగానే మనవాళ్లకి సీఏ కోచింగులు, పీజీ గదులు, బ్లూ లైన్ మెట్రో గుర్తొస్తాయి. నాకు మాత్రం అక్కడి వీధి సంత, మంగళ్ బజార్.

కూరగాయల బండి దగ్గర పది రూపాయల అల్లం అడిగినా ఇస్తారు. యాప్‌లో అయితే ప్యాకెట్ ఎంతుంటే అంత కొనాల్సిందే, సగం ఫ్రిజ్‌లో ఎండిపోవాల్సిందే. పైగా బండివాళ్లు కొసరుగా గుప్పెడు కొత్తిమీర, నాలుగు పచ్చిమిరపకాయలు వేస్తారు. 2024లో బ్లింకిట్ యాప్ వాళ్లు కూడా కూరగాయలతో కొత్తిమీర ఉచితమన్నారు. చూశారా, ఎవరి దగ్గర నేర్చుకున్నారో!

పాత పుస్తకాలూ అంతే. గదులు ఖాళీ చేసే పిల్లల దగ్గర చవగ్గా దొరుకుతాయి. కాకపోతే సీఏ ఇంటర్, ఫైనల్‌కి 2024 మే పరీక్షల నుంచి కొత్త సిలబస్, ఎడిషన్ చూసి మరీ తీసుకోండి.

అలాగని వీధిలో కొన్నదల్లా పుణ్యం కాదు. రెండు ఉతుకులకే సాగిపోయే టీషర్టు సంతలో కొన్నా దండగే. నేను ఎక్కువ డబ్బిచ్చేది జిప్పులు మార్చేవాళ్లకి, చెప్పులు కుట్టేవాళ్లకి. అక్కడ బేరం ఆడబుద్ధి కాదు.

వీధి వ్యాపారుల కోసం 2014లో చట్టం వచ్చింది. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని అందులో స్పష్టంగా ఉంది. అయినా మున్సిపాలిటీ లారీ వస్తోందంటే బళ్లు ఇంకా పరుగులు తీస్తూనే ఉంటాయి.

అన్నట్టు, ఇటువైపు మిక్సీ జార్ బ్లేడు బాగుచేసేవాళ్లు ఎవరైనా తెలుసా? కొత్తది కొనమని ఇంట్లో ఒకటే గొడవ.