సూదులు అయ్యేలోపు ఊరు చూపించండి

ఇంటికి కుక్కపిల్లను తెచ్చుకున్నారా? మంచి పని చేశారు. ఇప్పుడిక సలహాలు మొదలవుతాయి. "సూదులన్నీ అయ్యేదాకా గడప దాటనీయొద్దు" అంటారొకరు. "మట్టిలో తిరిగితేనే గట్టిపడుతుంది" అంటారు ఇంకొకరు. రెండింట్లోనూ సగమే నిజం.

మట్టికి భయపడాల్సిందే. పార్వో సోకిన కుక్క మలంలోంచి వచ్చిన వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది. మన చెప్పులకంటుకుని ఇంట్లోకీ వస్తుంది. వాంతులు, నెత్తుటి విరేచనాలతో పిల్ల రోజుల్లోనే పోతుంది. టీకా ఒక్కటి వేస్తే చాలదా అంటే చాలదు. తల్లి జున్నుపాల నుంచి వచ్చిన రక్షణ ఉన్నన్నాళ్లూ టీకాను పనిచేయనీయదు. అది ఏ పిల్లకు ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేం. అందుకే 6-8 వారాల వయసులో మొదలుపెట్టి, 3-4 వారాలకొకటి చొప్పున 16 వారాలు నిండేదాకా వేస్తారు. రేబిస్ సూది మూడు నెలలు నిండాక.

అయితే కుక్కపిల్ల లోకాన్ని నమ్మడం నేర్చుకునేది 3 నుంచి 14 వారాల మధ్యే. అప్పుడు ఎరగనివి తర్వాత భయపెడతాయి. భయపడిన కుక్క కరుస్తుంది. సూదులయ్యేదాకా ఆగామా, ఆ వయసు దాటిపోతుంది.

మరెట్లా? మన సీమ ఇళ్లకు మిద్దె ఉందిగా! పొద్దు వాలి, బండలు చల్లబడ్డాక ఒళ్లో పెట్టుకుని పిట్టగోడ దగ్గర కూర్చోండి. బుల్లెట్ బండి చప్పుడు, ఉల్లిగడ్డల ఆటో మైకు, చేతికర్ర తాత, బురఖా వేసుకున్న పక్కింటామె, అన్నీ చూడనీయండి. పీర్ల పండుగ డప్పులు మొదట దూరం నుంచే వినిపించాలి. చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచిందా, ఇంకాస్త దూరం తీసుకుపోండి. నిమ్మళంగా ఉంటే ఉడికిన గుడ్డుముక్క పెట్టండి. మొదటి సూది పడి వారం దాటితే, టీకాలన్నీ అయిన బంధువుల కుక్కతో వాళ్లింట్లో ఆడుకోనివ్వచ్చు. చెత్తకుప్పల దగ్గర, వీధికుక్కలు తిరిగే చోట మాత్రం కింద దించొద్దు.

పశువుల ఆసుపత్రిలోనూ అంతే. జబ్బు కుక్కలు వచ్చేది అక్కడికే కదా. అయినా అక్కడికి వెళ్లాల్సిన రోజొకటుంది: 1885లో శాస్త్రవేత్త పాశ్చర్ రేబిస్ టీకా వేసిన జులై 6. ఏటా ఆ రోజు ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఆ టీకా ఉచితంగా వేస్తారు. పదిమందీ తమ కుక్కల్ని తెస్తారు. వయసు వచ్చుంటే తప్పక తీసుకుపోండి, చేతుల్లోనే ఉంచి ఆ సందడంతా చూపించండి.

పెద్దయ్యాక వీధి పిల్లలు దాని పక్కనుంచి బెదరకుండా పోవాలంటే ఈ కొద్ది వారాలే కీలకం. సూదుల చీటీ చేతిలో పెట్టుకోండి, పిల్లను ఒళ్లోకి తీసుకోండి. ఈ సాయంత్రమే మొదలుపెట్టండి.