ఒక్క మాట దగ్గర

తెలుగు బైబిలులో యోహాను సువార్త తొలి అధ్యాయం చదివేవారు సృష్టి సమస్తం వాక్యం 'మూలముగా' కలిగిందన్న మాటను సాఫీగా దాటిపోతారు. 'మూలము' అంటే పుట్టుక. 'మూలముగా' అంటే కారణంగా అని కూడా. రెండర్థాలనూ తనలో దాచుకొన్న ఈ మాట తెలుగు పాఠకుణ్ణి ఇబ్బంది పెట్టదు. 1821లో కలకత్తాలో మాత్రం ఇదే వాక్యం ఒక మనిషి బ్రతుకును మలుపు త్రిప్పింది.

స్కాట్లండు నుండి వచ్చిన బాప్టిస్టు మిషనరీ విలియం ఆడమ్, సహచరుడు యేట్స్, రాజా రామమోహన్ రాయ్ కలిసి సువార్తలను వంగభాషలోకి అనువదిస్తున్నారు. గ్రీకు 'దియా' వద్ద పని ఆగింది. 'చేత' అంటే క్రీస్తే కర్త. 'ద్వారా' అంటే కర్త తండ్రి, క్రీస్తు సాధనం. యేట్స్ మొదట 'ద్వారా'కు సమ్మతించి, పిదప అందులో 325లో నికేయా సభ త్రోసిపుచ్చిన ఏరియస్ మతం వాసన వస్తోందని వెనుదీశారు. వాదం సాగినంతసేపూ రాయ్ కలం పట్టుకొని మౌనంగా వింటూ కూర్చున్నారట. ఆ మౌనం ఎంత వాగ్ధాటి కలదో! నిజానికి నేటి త్రిత్వవాద అనువాదాలలోనూ 'ద్వారా' కనిపిస్తుంది. ఒక్క మాటతో సిద్ధాంతం నిలవదు, కూలదు. కాని ఆడమ్ మనస్సులో అప్పటికే మొలకెత్తిన సంశయానికి ఆ మాట ద్వారం తెరిచింది.

ఆయన త్రిత్వాన్ని విడిచి ఏకత్వవాదిగా ప్రకటించుకొన్నారు. పాత సహచరులు దూరమయ్యారు. రెండవసారి పతనమైన ఆదాము అని పరిహసించిన వారున్నారు. పేరు కలిసొచ్చిన ఎగతాళి కనుక అది నిలిచిపోయింది.

రాయ్ 1820లో యేసు నీతిబోధలను మాత్రమే ఏర్చి అచ్చువేయగా, శ్రీరాంపూరు మిషనరీ జాషువా మార్ష్‌మన్ ఆక్షేపించారు. రాయ్ వరుసగా మూడు సమాధానాలు వ్రాశారు. మూడవదానిని బాప్టిస్టు ముద్రణాలయం అచ్చువేయ నిరాకరిస్తే, 1823లో తన సొంత ముద్రణాలయంలో ముద్రించుకొన్నారు.

ఆడమ్ నడిపిన ఆరాధనలకు జనం పలుచబడ్డారు. 1828లో రాయ్ బ్రహ్మసమాజం వైపు మరలారు. ఆ శాఖయే తర్వాత వీరేశలింగం గారి రాజమహేంద్రవరం దాకా ప్రాకింది. ఆడమ్ మాత్రం 1835 మొదలు 1838 వరకు వంగ, బీహారు పల్లెబడులను పరిశీలిస్తూ, పిల్లల లెక్కలూ అక్షరాలూ నివేదికలకెక్కిస్తూ గడిపారు.